ఒకే మలుపు, ఒకే రోజు, రెండు తీర్పులు: ఎఫ్1 పెనాల్టీలను నమ్మేదెలా?

అపెక్స్‌రాయుడు:
సావో పాలోలోని ఇంటర్లాగోస్‌ ట్రాక్‌లో జరిగిన ఫార్ములా వన్ (ఎఫ్1) కార్ రేసులో పియాస్ట్రీ అనే డ్రైవర్‌కి వేసిన 10 సెకన్ల పెనాల్టీ (పిట్‌లో ఆగి కట్టాలి, లేదంటే రేసు సమయానికి కలుపుతారు) మీద అన్ని గ్రూపుల్లోనూ తిట్టుకుంటున్నారు. ఇక్కడైనా నిదానంగా మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

చూడనివాళ్ళ కోసం జరిగింది చెబుతా. 2025 నవంబర్, సావో పాలో. ప్రమాదం జరిగినప్పుడు అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ పక్కకు తప్పుకోగానే మొదటి మలుపులోకి ముగ్గురు పక్కపక్కనే దిగారు. లోపల పియాస్ట్రీ, మధ్యలో ఆంటొనెల్లి, బయట లెక్లెర్. పియాస్ట్రీ చక్రం లాకై ఆంటొనెల్లికి తగిలాడు, ఆంటొనెల్లి వెళ్ళి లెక్లెర్‌కి తగిలాడు. లెక్లెర్ రేసు అక్కడితో సరి. నష్టపోయిన లెక్లెరే తప్పు పియాస్ట్రీ ఒక్కడిదే కాదన్నాడు. స్టీవర్డులు (రేసులో తప్పొప్పులు తేల్చేవాళ్ళు) మాత్రం మొత్తం పియాస్ట్రీ నెత్తినే వేశారు. రేసు నియమాలు పెట్టే సంస్థ ఎఫ్ఐఏ 2025 జూన్‌లో బయటపెట్టిన మార్గదర్శకాల ప్రకారం లోపలి నుంచి దాటేవాడి ముందు ఇరుసు, అపెక్స్‌కి (మలుపులో లోపలి అంచుకి అతి దగ్గరి చోటు) ముందూ అపెక్స్ దగ్గరా, అవతలి కారు అద్దం దాకా వచ్చి ఉండాలి. రాకపోతే చోటు అడిగే హక్కు లేదు.

ఆ నియమం మీద నాకు కోపం లేదు. అందరినీ ఒకే గజంతో కొలవరేం అన్నదే నా బాధ. 2024 ఆస్టిన్ చూడండి. 12వ మలుపులో బొట్టాస్‌ని బయటికి తోశాడని రస్సెల్‌కి 5 సెకన్లు. అదే రేసు, అదే మలుపు, 52వ ల్యాప్: వెర్‌స్టాపెన్, నోరిస్ ఇద్దరూ తెల్లగీత దాటి బయటికి పోయారు. పెనాల్టీ మాత్రం నోరిస్‌కి, ట్రాక్ బయటి నుంచి దాటాడని. మూడో స్థానం నాలుగైపోయింది. నోరిస్‌ని బయటికి తోసిన వెర్‌స్టాపెన్‌కి ఏమీ లేదు.

వరంగల్‌వీల్:
రాయుడన్నా, ఆస్టిన్‌ల అపెక్స్ కాడ ఎవరు ముందున్నరు? మాక్స్ వెర్‌స్టాపెనే గదా. బయట ఉన్నోడు అపెక్స్ కాడ ముందుండాలె, లేకుంటే ఆ మూల వానిది కాదు. నోరిస్ ముందు లేడు, అయినా బయటికెళ్ళి దాటిండు, స్థానం వాపస్ ఇయ్యలే. ఇంక 5 సెకన్లు పడకుంటే ఏం పడ్తది? నియమం కావాలంటరు, నియమం పెడితే ఏడుస్తరు.

టైర్‌ముక్క:
ఆన్‌బోర్డ్ (కారు మీది కెమెరా వీడియో) చూశాకే మాట్లాడండి బాబూ. ఇద్దరి ఆన్‌బోర్డూ.

అపెక్స్‌రాయుడు:
చూసే మాట్లాడుతున్నా. బ్రేకు ఆలస్యంగా తొక్కితే ఎవడైనా అపెక్స్ దగ్గర ముందుంటాడు. ఆ తర్వాత కారు మలుపు తిరగాలిగా? మాక్స్ కారు తిరగలేదు, అతనూ బయటికే పోయాడు. అపెక్స్ దగ్గర ముక్కు ముందుంటే చాలు, మూల నాదే అన్నట్టయింది. పైగా మలుపు రాకముందే నోరిస్ ముందుకొచ్చేశాడు, కాబట్టి దాటడానికి ప్రయత్నిస్తున్నది మాక్సే అని నోరిస్ జట్టు మెక్‌లారెన్ పునఃసమీక్ష అడిగింది. కొట్టేశారు.

వరంగల్‌వీల్:
కొట్టేసిన్రు గదా, అయిపాయె. మళ్ళ వారమే మెక్సికోల మాక్స్‌కి ఒకటే ల్యాప్‌ల రెండు పెనాల్టీలు, 10కి 10 కలిపి 20 సెకన్లు. ఆరో స్థానానికి పడిండు. అప్పుడు మీరెవ్వరు చర్చ పెట్టలే.

అసలు అన్యాయం చూడాలంటే 2021 సిల్వర్‌స్టోన్‌కి రా అన్నా. మొదటి ల్యాప్, కోప్స్ మలుపు. హామిల్టన్ తగిలిండు, మాక్స్ 51జీ (బరువుకి 51 రెట్లు) దెబ్బతో గోడకు పోయిండు, ఆస్పత్రికి తీస్కపోయిన్రు. తప్పు ప్రధానంగా హామిల్టన్‌దే అని స్టీవర్డులే రాసిన్రు. వేసింది 10 సెకన్లు. అవి పిట్‌ల కట్టేసి, ఇంక రెండు ల్యాప్‌లున్నాయనంగ లెక్లెర్‌ని దాటి రేసు గెలిచిండు. ఆస్పత్రిల ఉన్నోనికి సున్న, పంపినోనికి 25. మాక్స్‌కున్న 33 పాయింట్ల ఆధిక్యం 8కి దిగింది. దీన్ని శిక్ష అంటరా?

నెక్లెస్‌రోడ్:
2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేసుకి నేను స్టాండ్‌లోనే ఉన్నాను. బ్యూమీ మూడోవాడిగా వచ్చాడని చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాక ఫోన్‌లో చూస్తే పోడియం పోయిందని వార్త. టికెట్ కొనుక్కొని వెళ్ళినవాడికి ఎవరు గెలిచారో కూడా కళ్ళతో చూసే హక్కు లేదా?

పిట్‌వాల్_పద్మ:
నెక్లెస్‌రోడ్ గారూ, బ్యూమీది అనుమతించినదానికంటే ఎక్కువ పవర్ వాడినందుకు పడింది. అది మీటరు చెప్పే లెక్క, అక్కడ వాదన లేదు. ఇక్కడి గొడవ మనిషి కంటితో చూసి తేల్చే తప్పుల గురించి.

నేను కొన్నేళ్ళు మన దేశంలో రేసులకి మార్షల్‌గా పనిచేశాను. ఒకసారి నా పోస్ట్ ముందే రెండు కార్లు రాసుకున్నాయి. పసుపు జెండా ఊపుతూనే చూశాను, ఎర్ర కారు లోపలికి కోసింది. ఒట్టేసి చెప్పగలను అనుకున్నాను, అలాగే రిపోర్ట్ రాశాను. తర్వాతి పోస్ట్‌లో ఉన్న అబ్బాయి తెల్ల కారుదే తప్పని రాశాడు. సాయంత్రం ఇద్దరం వీడియో చూశాం. తెల్ల కారు వెనక చక్రం అంతకుముందే జారింది, దాన్ని సర్దుకునేలోపు ఎర్ర కారు వచ్చేసింది. ఇద్దరం సగమే చూశాం. కనుక స్టీవర్డుల్ని దొంగలన్నట్టు మాట్లాడితే నాకు కష్టంగా ఉంటుంది. ప్రతి రేసుకీ ప్యానెల్ మారుతుంది, 2010 నుంచి అందులో ఒక మాజీ డ్రైవర్ ఉంటున్నాడు. మనుషులు మారితే చూపు మారుతుంది. ఒకే ప్యానెల్ ఏడాదంతా ఉండాలని నేనూ అంటాను.

తప్పు జరిగితే దిద్దుకోవడమూ ఉంది. 2025 జాండ్‌ఫోర్ట్‌లో లాసన్‌తో గుద్దుకున్నందుకు సైంజ్‌కి 10 సెకన్లు, 2 పెనాల్టీ పాయింట్లు వేశారు. విలియమ్స్ కొత్త వీడియోలతో మళ్ళీ అడిగితే, అది రేసులో మామూలుగా జరిగేదేనని ఒప్పుకొని పాయింట్లు తీసేశారు.

అపెక్స్‌రాయుడు:
పద్మ గారూ, సైంజ్ సంగతి నా వైపే సాక్ష్యం. పాయింట్లు తీశారు సరే, అప్పటికే కట్టిన 10 సెకన్లు ఎవరిచ్చారు?

ఇది నాకెందుకింత మంట అంటే, నాకు జరిగింది కాబట్టి. ఊరు, ట్రాక్ పేరు వద్దు. ఒక కార్టింగ్ పోటీలో రెండో స్థానంలో ఉన్నా. హెయిర్‌పిన్‌లో వెనకవాడు నా బంపర్‌ని తన్నాడు, నేను సగం తిరిగి పక్కనున్నవాడికి తగిలాను. దిగేసరికి చేతులు వణుకుతున్నాయి, మోచేతుల దాకా టైరు నలుపు. ఒకాయన వచ్చి చించిన కాగితం ముక్క చేతిలో పెట్టాడు. పెన్సిల్‌తో "3 స్థానాలు వెనక్కి" అని ఉంది. ఏ నియమం కింద అని అడిగితే, "మేం చూశాం కదా" అన్నాడు. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది. చూశాం కదా అనే మాటతో ఎవరి రేసూ పోకూడదు. రాసి ఉండాలి, రాసినట్టే అందరికీ చేయాలి.

బాక్స్‌బాక్స్:
2012 సెపాంగ్‌లో మన నారాయణ్ కార్తికేయన్‌ని ఎవరూ తలుచుకోరు. ల్యాప్ వెనకబడ్డ అతని హెచ్‌ఆర్‌టీ జట్టు కారుని దాటుతూ వెటెల్ లైన్ మీదికొచ్చాడు, టైరు పోగొట్టుకున్నాడు. 20 సెకన్లు కార్తికేయన్‌కి. చిన్న జట్టువాడు కదా.

వరంగల్‌వీల్:
రాయుడన్నా, కార్ట్ రేసు కాయిదం పట్టుకొని ప్రపంచ ఛాంపియన్‌షిప్ గురించి తీర్పిస్తవా? నేనడిగినదానికి జవాబియ్యి. సిల్వర్‌స్టోన్‌ల 10 సెకన్లు న్యాయమా, కాదా?

అపెక్స్‌రాయుడు:
న్యాయమే. ఆ తప్పుకి ఆనాడు వేసే శిక్ష అదే. ఆ తర్వాత అతను గెలిచాడా ఓడాడా అన్నది స్టీవర్డుల పని కాదు. అదే ఏడాది మోంజాలో మీవాడు హామిల్టన్ కారు మీదికెక్కాడు, చక్రం తల దగ్గరికొచ్చింది, తలని కాపాడే కడ్డీ, ఆ హాలో లేకపోతే ఏమయ్యేది? దానికి పడింది తర్వాతి రేసు స్టార్ట్‌లో 3 స్థానాలు వెనక్కి, అంతే. అప్పుడు మీకు దెబ్బ కనబడలేదు. మాక్స్ పడితేనే మీకు న్యాయం గుర్తొస్తుంది. ఇలాంటివారితో వాదన నాకెందుకు.

వరంగల్‌వీల్:
"మీరు" అంటున్నవా ఇప్పుడు. మంచిది. అయితే నేను కూడా నా సంగతి చెప్త, విను.

మా అన్న పాలు పోసి బండి మీద వస్తుంటే ఒక కారాయన పక్క రోడ్డుల నుంచి చూస్కోకుండ వచ్చిండు. తొడ ఎముక రెండు కాడ్ల ఇరిగింది. పాలక్యాన్ రోడ్డు మీద దొర్లి మూత ఏడికో పోయింది, నేను ఆ మూత కోసం ఎతికిన, ఎందుకు ఎతికిన్నో నాకే తెల్వదు. మా అన్న ఆరు నెలలు మంచంల ఉన్నడు. ఆ కారాయన జుర్మానా కట్టి సాయంత్రానికి ఇంటికి పోయిండు. గది చిన్న తప్పే, చూస్కోలే అంతే అన్నరు అందరు. చిన్న తప్పా? మా ఇంట్ల మూడు బర్లు అమ్మినం.

అందుకే నాకు అపెక్స్, ఇరుసు, అద్దం అని కొలతలు చెప్తే ఒళ్ళు మండ్తది. పడ్డోనికి ఎంత పోయిందో ఎవ్వడు కొలవడు. మాక్స్ అని కాదు. మోంజాల దెబ్బ తగిలింది హామిల్టన్‌కి అయినా సరే, కొట్టినోనికి గట్టిగ వేయాలె.

పిట్‌వాల్_పద్మ:
ఇప్పటికి తెలిసింది మీరిద్దరూ పోట్లాడుకుంటున్నది దేనికో. రాయుడు గారు తప్పుని కొలవమంటున్నారు, తమ్ముడు నష్టాన్ని కొలవమంటున్నాడు. మార్గదర్శకాలు మాత్రం, ఫలితం ఏమైందో మామూలుగా లెక్కలోకి తీసుకోవద్దనే చెబుతాయి.

అపెక్స్‌రాయుడు:
తమ్ముడూ, ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నా. నాకు తెలియదు.

కానీ నష్టాన్ని కొలిస్తే ఏమవుతుందో ఒకటి చెప్తా, కోపం తెచ్చుకోకు. 2012 స్పాలో గ్రోజాన్ స్టార్ట్‌లోనే నలుగురైదుగురిని కుప్పేశాడు, ఒక రేసు నిషేధించారు. టైటిల్ పోటీలో ఉన్నవాళ్ళు రేసుకు దూరమయ్యారని ఆ తీర్పులో ప్రత్యేకంగా రాశారు. అంటే వెనక వరసవాణ్ణి కొడితే తక్కువా, అలోన్సోని కొడితే ఎక్కువా? నష్టం అనగానే పెద్దవాడి నష్టమే పెద్దదవుతుంది. బాక్స్‌బాక్స్ చెప్పిన కార్తికేయన్‌కి అక్కడ ఏం విలువ? మీ అన్నలాంటివాడికే ఆ కొలతలో తక్కువ పడుతుంది.

ఇంకోటి. 2024 మోంజాలో మాగ్నుసెన్ గాస్లీకి తగిలాడు, గాస్లీకి పెద్దగా పోయిందేమీ లేదు, అతనే శిక్ష అక్కర్లేదన్నాడు. అయినా 12 పెనాల్టీ పాయింట్లు నిండి మాగ్నుసెన్ బాకూ రేసు పోగొట్టుకున్నాడు. నీ లెక్కలో అతనికి ఏమీ పడకూడదు. అది నీకు సమ్మతమేనా?

వరంగల్‌వీల్:
మాగ్నుసెన్‌ది ఎక్కువే అయింది, ఒప్పుకుంట. ఆ పాయింట్ల లెక్క 2014ల తెచ్చింది ప్రమాదకరంగ నడిపేటోల్ల కోసం, చిన్న చిన్న రాపిళ్ళు కూడబెట్టి మనిషిని ఇంట్ల కూసోబెట్టనీకి కాదు. గ్రోజాన్ ముచ్చట ఆలోచించాలె. అలోన్సో అయితే ఒకటి, కార్తికేయన్ అయితే ఒకటి అని నేననలే. దెబ్బ తగిలినోడు ఎవడైనా దెబ్బే.

ఒకటి మాత్రం చెయ్యచ్చు గదా. కొట్టిచ్చుకున్నోడు రేసు నుంచి పోతే, కొట్టినోడు కూడ ఆ రేసుల పాయింట్లు తీస్కోవద్దు. గంతే.

టైర్‌ముక్క:
అలాగైతే ఆఖరి రేసులో టైటిల్ కోసం కావాలనే ముక్కు పెట్టి గుద్దించుకునేవాళ్ళు తయారవుతారు. 1997 హెరెజ్‌లో టైటిల్ కోసం షూమాకర్ కావాలనే పోటీదారు విల్‌నెవ్ మీదికి కారు తిప్పాడుగా.

అపెక్స్‌రాయుడు:
దీని మీద రాత్రికి రాస్తా, డ్యూటీకి టైమైంది. అన్న ఇప్పుడెలా ఉన్నారు?

వరంగల్‌వీల్:
నడుస్తడు. బండి ముట్టడు, పాలు నేనే పోస్త. నువ్వు రాత్రికి రాయి అన్నా, చూస్త. సిల్వర్‌స్టోన్ మీద మాత్రం నా మాట మారదు.