అమెరికా రసాయన ఆయుధాల ధ్వంసం 2023 దాకా ఎందుకు సాగింది?

కృష్ణాతీరం: నిషేధ ఒప్పందం 1997లో అమల్లోకొచ్చింది. మన దేశం తన వెయ్యి టన్నుల పైచిలుకు మస్టర్డ్‌ను (ఒంటిని బొబ్బలెక్కించే విష రసాయనం) 2009కే వదిలించుకుంది. రష్యా దాదాపు 40 వేల టన్నులు 2017లో పూర్తి చేసింది. డబ్బుకు కొదవలేని అమెరికాకు అడ్డుపడిందేంటి?

పాతఇనుము: ముఖ్యంగా ఎం55 రాకెట్లు. 1960ల నాటివి. సారిన్ అనే నరాల విషం, పేలుడు మందు, రాకెట్ ఇంధనం అన్నీ ఒకే గొట్టంలో ఉంటాయి. లోపలి అల్యూమినియం తినేసుకుపోయి కారడం మొదలైంది. కెంటకీలోని బ్లూగ్రాస్ సైనిక డిపోలో మట్టి కప్పిన గోదాముల్లో గాలి పరీక్షిస్తుండేవారు. ఒక్కటి కారినా దాన్ని వేరే గొట్టంలో సీలు వేయాలి, ఆ తర్వాత ఆ గొట్టాన్ని విప్పడం మరో పని. రోబోలు మోటారును కోసి వేరుచేసి, వార్‌హెడ్‌కు కన్నం పెట్టి ద్రవం తోడేవి, దాన్ని కాస్టిక్ సోడాతో కలిపి విషం విరిచేవారు. చివరి రాకెట్ పని 2023 జూలై 7న ముగిసింది.

గుంటూరుకెమిస్ట్రీ: మస్టర్డ్‌దీ ఇదే తంతు. దశాబ్దాలు గడిచేసరికి షెల్ (ఫిరంగి గుండు) అడుగున గడ్డకట్టింది, తోడదామంటే రాదు. 2011లో కొన్ని షెల్స్‌కు ఎక్స్‌రే తీశాక బ్లూగ్రాస్‌లో పద్ధతే మార్చారు: దాదాపు 600 డిగ్రీల వేడి గదిలో షెల్‌ను అలాగే పేల్చేయడం. కొలరాడోలోని ప్యూబ్లోలో మాత్రం ఎక్కువ భాగం వేడినీళ్లతో విరిచి, మిగిలిన నీటిని బ్యాక్టీరియాకు వదిలారు. దీనికితోడు రాష్ట్రాల మధ్య రవాణాను చట్టం నిషేధించింది, కాబట్టి ఎక్కడి సరుకుకు అక్కడే ప్లాంటు కట్టాలి. కాల్చొద్దని స్థానికులు పట్టుబట్టారు, అందులో తప్పేమీ లేదు.

కృష్ణాతీరం: మరి సిరియా సరుకు 2014లో అంత త్వరగా ఎలా పోయింది?

పాతఇనుము: అది చాలావరకు ట్యాంకుల్లోని ద్రవం, నింపిన ఆయుధం కాదు. లటాకియా రేవు నుంచి తరలించి, సుమారు 600 టన్నులను కేప్ రే అనే అమెరికా ఓడ మీదే మధ్యధరాలో విరిచారు. ఆ వ్యర్థజలం జర్మనీ, ఫిన్లండ్‌లకు వెళ్లింది. అసలు చిక్కు ఇరాక్ పాత రసాయన ఆయుధాల కేంద్రం ముథన్నాలో. 1991 బాంబు దాడిలో దెబ్బతిన్న బంకర్లో సారిన్ రాకెట్లు ఇరుక్కున్నాయి. లోపలికెళ్లడం ప్రాణాంతకమని ఐరాస తనిఖీదారులు 1994లో దాన్ని కాంక్రీటుతో మూసేయించారు.