అప్‌డేట్: ‘విచ్’ తర్వాత ‘ఇట్’ ఎందుకు రాకూడదో తెలిసింది

ఉద్యోగ దరఖాస్తులో ‘ది ప్రాజెక్ట్ విచ్ ఐ కంప్లీటెడ్ ఇట్’ అని రాస్తే, చదివిపెట్టిన స్నేహితురాలు ‘ఇట్’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది. అదెందుకు తప్పని పోయిన వారం ఇక్కడ అడిగాను.

‘ముందు తెలుగులో చెప్పి చూడండి’ అని మీలో ఒకరన్నారు. చూశాను. ‘నేను పూర్తి చేసిన ప్రాజెక్టు’ అంటాం. ‘నేను దాన్ని పూర్తి చేసిన ప్రాజెక్టు’ అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఇంగ్లీషులో ఆ ‘దాన్ని’ పని ‘విచ్’ చేసేస్తుంది, ఇక ‘ఇట్’కు చోటెక్కడ?

అయితే అదే చిట్కా మర్నాడు దెబ్బ కొట్టింది. ‘నేను కూర్చున్న కుర్చీ’ని ‘ది చెయిర్ విచ్ ఐ శాట్’ అని రాశాను. తెలుగులో ‘మీద’ మాయమైనా అర్థం చెడదు. ఇంగ్లీషులో ‘ఆన్’ ఉండి తీరాలి, చివరనో ‘విచ్’కు ముందో. ముందు పెడితే మాత్రం ‘విచ్’ బదులు ‘దట్’ కుదరదు.

ఇక కామా. ‘మై బ్రదర్’ తర్వాత కామా పెట్టి ‘హూ’ అంటే నాకున్నది ఒక్క అన్నే అని అర్థమట. నాకు ఇద్దరు! ఒక్క గీతతో పెద్దన్నయ్యను లేకుండా చేశాను. ఆయనకు ఇంకా చెప్పలేదు.

సవరించిన దరఖాస్తు నిన్న పంపాను. ‘హూజ్’ వస్తువులకూ చెల్లుతుందన్నారు కానీ, ‘హూజ్’ అని ఇంటి పైకప్పు గురించి రాయడానికి నాకు ఇంకా చెయ్యి రావడం లేదు.