మా అక్క కూతురికి పదహారేళ్లు, ఏదిచ్చినా పక్కన పెట్టేస్తుంది. హాస్టల్లో ఉన్న పిల్లకి ఏం కొనాలి?

గుంటూరు పిన్ని:

అందరికీ నమస్కారం. మా అక్క కూతురికి వచ్చే నెల పదహారేళ్లు నిండుతాయి. ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, హైదరాబాద్ శివార్లలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు. పుట్టినరోజుకి దానికి ఏం కొనాలో ఎంత ఆలోచించినా తెగట్లేదు. చిన్నప్పుడు బుడగ కొనిచ్చినా ఎగిరి గంతేసిన పిల్ల, ఇప్పుడు ఏం కావాలే అని అడిగితే "ఏదైనా పర్లేదు పిన్నీ" అంటుంది, తీరా ఇచ్చాక "బావుంది" అనేసి పక్కన పెట్టేస్తుంది. పోయినేడాది ఇచ్చిన వాచీ డబ్బాలోంచి బయటికి రాలేదు, అంతకుముందు కొన్న కుర్తీ వాళ్ల చెల్లి వేసుకుంటోంది. నాకు కోపమేం లేదు. హాస్టల్లో చేరిన దగ్గర్నుంచి దాని మాట బాగా తగ్గిపోయింది, అందుకే ఈసారైనా చూడగానే దాని మనసుకి పట్టేది ఇవ్వాలని ఉంది.

ఫోన్ ఉండకూడదు, ఎలక్ట్రానిక్ వస్తువులేవీ లోపలికి రానివ్వరు. రోజూ యూనిఫామే, పుట్టినరోజు నాడు మాత్రం కలర్ డ్రెస్ వేసుకోనిస్తారట. మేకప్, నగలు దానికి ఇష్టం లేదు. పుస్తకాలు చదువుతుంది కానీ ఎవరైనా ఇది చదువు అని చేతిలో పెడితే చచ్చినా తెరవదు. రెండున్నర వేల దాకా పెట్టగలను. ఈ వయసు ఆడపిల్లలున్నవాళ్లు, హాస్టళ్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

ఇద్దరాడపిల్లల నాన్న:

అమ్మా, ఏం కొనాలన్నది తర్వాత, ముందు వార్డెన్‌కి ఫోన్ చేసి ఏమేం రానిస్తారో అడిగి రాసుకోండి. ఒక్కో క్యాంపస్‌కి ఒక్కో రూలు. మా పెద్దమ్మాయి చదివిన చోట చార్జింగ్ పెట్టేది ఏదైనా గేటు దగ్గరే ఆపేసేవాళ్లు, గాజు సీసాలు కూడా. మీరు అంత ప్రేమగా కొన్నది సెక్యూరిటీ వాళ్లు తీసి పక్కన పెడితే పిల్లకి ఆ రోజంతా పాడైపోతుంది. పుట్టినరోజు ఏ వారంలో పడిందో కూడా చూసుకోండి. మర్నాడు టెస్టు ఉంటే దాని ధ్యాసంతా అక్కడే ఉంటుంది, ఔటింగ్ ఇచ్చే ఆదివారం దగ్గర్లో ఉంటే ఆ రోజుకే పెట్టుకోండి, నాలుగు రోజులు అటూ ఇటూ అయినా పిల్లలు ఏమీ అనుకోరు.

బట్టలు మాత్రం మీరొక్కరే వెళ్లి కొనకండి. ఈ వయసు వాళ్లకి రంగు కన్నా ఫిట్టింగ్ ముఖ్యం, వాళ్లకి బాగా వదులుగా కావాలి, మనకేమో అది సైజు తప్పినట్టు కనిపిస్తుంది. ఔటింగ్ రోజు తీసుకెళ్లి తనని ఎంచుకోనిచ్చి బిల్లు మీరు కట్టండి, ట్రయల్ రూమ్ బయట నిలబడి అభిప్రాయం చెప్పొద్దు.

ఏదీ తేలకపోతే డబ్బులే ఇవ్వండి, తప్పేం లేదు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2014లోనే చెప్పింది, ఎంతవరకు అన్నది బ్యాంకు పెట్టే పరిమితిని బట్టి ఉంటుంది. వాళ్లమ్మానాన్నలతో మాట్లాడి దాని పేరున ఒకటి తెరిపించండి. మా చిన్నది తన ఖాతాలో డబ్బుతో తనకి కావాల్సింది తానే కొనుక్కోవడం మొదలుపెట్టాక ఇంట్లో ఈ "నచ్చలేదు" గొడవ చాలావరకు తగ్గింది.

సెకండియర్ బైపీసీ:

పిన్ని గారూ, అలాగే పిలుస్తా, ఏమనుకోకండి. నేనూ హాస్టలే, సెలవులకి ఇంటికొచ్చా కాబట్టి రాయగలుగుతున్నా. "పర్లేదు" అంటే నచ్చలేదని కాదు చాలాసార్లు. అందరి ముందూ ప్యాకెట్ విప్పమని, నచ్చిందా నచ్చిందా అంటూ మొహంలోకి చూస్తూ, వెంటనే ఫోటో తీసి స్టేటస్ పెట్టేస్తుంటే మాకు ఏమనాలో నిజంగా తెలీదు, అందుకే బావుంది అనేసి ఊరుకుంటాం. చేతికిచ్చి తర్వాత చూసుకో అని వదిలేయండి, తనే చెప్తుంది.

ప్లీజ్, చదువుకి పనికొచ్చేది మాత్రం వద్దు. ప్లానరు, ఫార్ములాల పుస్తకం, కష్టపడితే ర్యాంకు వస్తుందని రాసున్న కప్పు, ఇవన్నీ చూస్తే పుట్టినరోజు నాడు కూడా స్టడీ అవర్లో కూచున్నట్టే ఉంటుంది.

మాకు అక్కడ నిజంగా లేనివి ఫోటోలు. ఫోన్ లేదు కదా, ఇంట్లో వాళ్లని చూడాలనిపిస్తే చూడ్డానికి ఏమీ ఉండదు. మా రూమ్మేట్‌కి వాళ్లన్నయ్య కొన్ని ప్రింట్ తీయించి తెచ్చాడు. వాళ్ల కుక్క, మేడ మీద ఆరేసిన బట్టలు, వీధి చివర టిఫిన్ బండి, నానమ్మ కుర్చీలో కునుకు తీస్తున్నది, అన్నీ మామూలువే. రూములో అందరం ఎగబడి చూశాం, ఆ బండి దగ్గర దోసె ఎలా ఉంటుందో కూడా చెప్పించుకున్నాం. స్టూడియోలో 4×6 సైజు వేయిస్తే పెద్ద ఖర్చు అవ్వదు. పెళ్లిళ్లలో వరసగా నిలబడి దిగినవి మాత్రం వేయించొద్దు.

ఇంకో మాట, ఎవరైనా ఫేస్ సీరమ్‌లు కొనమంటే వద్దు. మా బ్లాకులో ఒకమ్మాయికి పెద్దవాళ్లు వాడే రెటినాల్ సీరమ్ గిఫ్టుగా వచ్చింది, రాసుకుంటే మొహం ఎర్రబడి పొరలు లేచింది. సన్‌స్క్రీన్ అయితే ఓకే.

గుంటూరు పిన్ని:

ఫోటోల సంగతి నాకు తట్టనే లేదమ్మా, చాలా థాంక్స్. వాళ్ల అమ్మమ్మ ఇంటి పెరడు, జామచెట్టు, దాని సైకిలు, అన్నీ తీయొచ్చు. అప్పటికప్పుడు ఫోటో వచ్చే ఇన్‌స్టాక్స్ కెమెరా కొందామా అని కూడా అనిపిస్తోంది. నాన్నగారూ, డబ్బులివ్వడం తప్పని నేనూ అనుకోను, కానీ హాస్టల్లో దానికి ఖర్చుపెట్టుకునే వీల్లేదు, పైగా నా చేత్తో ఏదైనా ఇవ్వాలని ఉంది.

ఇంకో విషయం చెప్పడం మర్చిపోయా. పోయిన ఔటింగ్‌కి వెళ్లినప్పుడు దాని రఫ్ నోట్సు నా కంటపడింది. కెమిస్ట్రీ లెక్కల పక్కన మార్జిన్లో లెక్చరర్ల మొహాలు, పక్క మంచం అమ్మాయి జడ వేసుకుంటున్నట్టు, మెస్‌లో క్యూ, అన్నీ మామూలు బాల్‌పెన్నుతోనే, ఎంత బాగా వేసిందో. నేను చూస్తున్నానని తెలియగానే టక్కున మూసేసింది. బొమ్మలు వేసుకునే సామాను మొత్తం ఒక సెట్టు కొంటే ఎలా ఉంటుంది?

డ్రాయింగ్ టీచర్, వరంగల్:

మూసేసింది అన్నారు చూడండి, అక్కడ మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. ఇప్పటిదాకా అది తన సొంత వ్యవహారం. డెబ్బై రెండు రంగుల పెద్ద పెట్టె తీసుకెళ్లి ఇచ్చారనుకోండి, ఇంక రేపట్నుంచి ఏం వేశావు, చూపించు, కాంపిటీషన్‌కి పంపుదామా అని ఇంటిల్లిపాదీ మొదలుపెడతారు, పిల్ల పెన్ను కింద పెట్టేస్తుంది. నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఇలా మానేసినవాళ్లని చూశాను. మీ అమ్మాయి ఇప్పుడు దేనితో వేస్తోందో దానికే కాస్త మెరుగైనది ఇవ్వండి. పెన్నుతో వేసే పిల్లకి వాటర్ కలర్స్ దేనికి, హాస్టల్ గదిలో నీళ్లు, బ్రష్షులు పెట్టుకోవడానికి చోటు కూడా ఉండదు.

ఏ5 సైజు స్కెచ్‌బుక్ కొనండి, అంటే మామూలు ఏ4 కాగితంలో సగం, దిండు కింద పడుతుంది, నోట్సుల మధ్య కనపడదు. కాగితం 120 నుంచి 150 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో ఆ లెక్క) ఉంటే పెన్నుకి చాలు, ఇంకు వెనక పేజీకి దిగదు. 300 జీఎస్ఎమ్ అని దుకాణంవాళ్లు ఖరీదైనది అంటగడతారు, అది నీళ్ల రంగులకి. పిగ్మెంట్ ఇంకు (నీళ్లు తగిలినా చెదరనిది) ఉండే ఫైన్‌లైనర్లు, అంటే సన్న మొన పెన్నులు దొరుకుతాయి, 0.1, 0.3, 0.8 మూడు తీసుకోండి, జుట్టుకి సన్నది, నీడలకి లావుది. వీలైతే స్కెచ్‌బుక్ తెల్ల కాగితం కాకుండా లేత గోధుమరంగుది చూసి, దాంతో ఒక తెల్ల జెల్ పెన్ను పెట్టండి. ఆ కాగితం మీద నల్లగీతతో బొమ్మ వేసి కళ్లలో, ముక్కు మీద తెల్లచుక్క పెడితే మొహం ఒక్కసారిగా లేచి నిలబడుతుంది, ఈ సంగతి తనే కనిపెట్టనివ్వండి, మీరు చెప్పకండి. మొత్తం కలిపినా మీ బడ్జెట్లో సగం దాటదు. ఇచ్చేటప్పుడు బొమ్మలు చూశానన్న మాటే ఎత్తొద్దు.

కూకట్‌పల్లి బాబాయ్:

ఇన్‌స్టాక్స్ గురించి. కొత్త కెమెరా మీరు చెప్పిన డబ్బుల్లో రాదు. వచ్చినా మినీ ఫిల్మ్ ప్యాకెట్‌కి పది ఫోటోలే, అయిపోతే మళ్లీ కొనాలి, ఒక్కో ఫోటో యాభై రూపాయల పైనే పడుతుంది, పైగా హాస్టల్లోకి రానివ్వరు. తెలిసినవాళ్లలో ఎవరి దగ్గరైనా ఉంటుంది, ఔటింగ్ రోజుకి అడిగి తెచ్చుకోండి, ఫిల్మ్ మాత్రం మీరు కొనండి. కెమెరా దాని చేతికిచ్చి ఏం తీసుకుంటావో నీ ఇష్టం అనండి. అప్పుడే వచ్చిన ఫోటోలు అది తనతో గదికి తీసుకెళ్తుంది, కెమెరా మీరు వెనక్కి తెచ్చేస్తారు. ఫోటో తెల్లగా వచ్చిందని ఊపొద్దు, ఎండలో పెట్టొద్దు, కాసేపటికి అదే తేలుతుంది.

అబిడ్స్ పెన్నులు:

పెన్నుతో బొమ్మలు వేసే పిల్ల అన్నారు కాబట్టి నేను ఆగలేకపోతున్నా. ఆ అమ్మాయికి ఒక మంచి ఇంకు పెన్ను ఇవ్వండి. బాల్‌పెన్నుని కాగితం మీద నొక్కాలి, పాళీ ఉన్న పెన్ను ఊరికే ఆనిస్తే చాలు రాస్తుంది, మూడు గంటల బోర్డు పరీక్ష రాసే చేతికీ అది సుఖమే, గీత కూడా జారుతున్నట్టు వస్తుంది. అబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ అని 1928 నుంచి ఉన్న దుకాణం, ఔటింగ్ రోజు అక్కడికి తీసుకెళ్లండి. పెన్నులు చేత్తో పట్టుకుని రాసి చూసి ఎంచుకోవచ్చు, పాళీ సరిగ్గా జారకపోతే సరిచేసి ఇస్తారు. నచ్చడం నచ్చకపోవడం అక్కడే తేలిపోతుంది, మీరు ఊహించాల్సిన పని లేదు.

రాజమండ్రి రత్నం పెన్నులు కూడా చెప్పాలి. 1932లో మొదలైన పని, స్వదేశీ రోజుల్లో గాంధీగారికి చేసిచ్చిన పెన్ను వాళ్లదే, ఇప్పటికీ ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని చేత్తో తిప్పి చేస్తారు. నా దగ్గర ఒకటుంది, ప్రాణం. కానీ హాస్టల్ పిల్లకి మొదటి పెన్నుగా డ్రాపర్‌తో నేరుగా గొట్టంలో ఇంకు పోసే రకం వద్దంటాను. ఇంకు అడుక్కి వచ్చాక లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి పాళీ దగ్గర బొట్టు కక్కుతుంది, నోట్సంతా పాడు. కార్ట్రిడ్జో (ఇంకు నింపి వచ్చే చిన్న గొట్టం) కన్వర్టరో (సీసాలోంచి ఇంకు పీల్చుకునే గొట్టం) పట్టే పెన్ను తీసుకోండి. కార్ట్రిడ్జులైతే గాజు సీసా బాధ కూడా తప్పుతుంది. పాళీ ఫైన్ అడగండి. అదే ఫైన్ అని రాసున్నా జపాన్ పాళీలు యూరప్ వాటికన్నా సన్నగా రాస్తాయి, మన నోట్‌బుక్కుల పల్చటి కాగితానికి అవే నప్పుతాయి.

గుంటూరు పిన్ని:

అందరూ ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. వార్డెన్‌తో మాట్లాడాను, పెన్నులు, పుస్తకాలు, ఫోటోలు అన్నిటికీ సరే అన్నారు. ఔటింగ్ పుట్టినరోజు తర్వాతి ఆదివారం. పుట్టినరోజు నాడు వాళ్లమ్మతో ఫోటోల కవరు, గోధుమరంగు స్కెచ్‌బుక్, ఫైన్‌లైనర్లు పంపిస్తా, విప్పమని అడగొద్దని అక్కకి గట్టిగా చెప్పా. ఆదివారం అబిడ్స్ తీసుకెళ్తా, పెన్ను నచ్చితే కొంటా, నచ్చకపోతే బలవంతం లేదు, ఏదైనా తినేసి వచ్చేస్తాం. అక్కకి ఒకటే భయం, వాళ్లది తెల్ల చొక్కా యూనిఫాం, ఇంకు పడితే పోతుందా?

అబిడ్స్ పెన్నులు:

వాషబుల్ బ్లూ అని రాసున్న కార్ట్రిడ్జులు అడగండమ్మా. ఆ మరక పడిన వెంటనే చల్లటి నీళ్లలో నానబెట్టి సబ్బుతో రుద్దితే చాలావరకు పోతుంది, వేడినీళ్లు మాత్రం పొయ్యొద్దు. పర్మనెంట్ అని రాసున్నవి, పిగ్మెంట్ ఇంకులు బట్టకి పట్టాయంటే వదలవు, పెన్నులో ఎండితే పాళీ కూడా బిగుసుకుపోతుంది. దసరా, సంక్రాంతి సెలవులకి పెన్ను వాడకుండా వదిలేస్తే ముందు ఇంకు తీసేసి మామూలు నీళ్లతో కడిగి ఆరబెట్టమనండి.