40 వేలలో కెమెరా: చీరలకీ, చెల్లి పెళ్లికీ ఒకటే సరిపోతుందా?

గుంటూరు చీరల గది:
అందరికీ నమస్కారమండీ. మాది గుంటూరు, కొత్తపేట. మా ఆవిడ మంగళగిరి చీరలు తెచ్చి ఇంట్లోంచే అమ్ముతుంది. ఇంతకాలం ఫోటోలన్నీ నా ఫోన్‌తోనే లాగించేశాం. గొడవంతా రంగు దగ్గరే వస్తోంది. పోయిన నెల నెమలికంఠం రంగు చీర పంపితే, "ఫోటోలో నీలం చూపించి ఆకుపచ్చది పంపారు" అని తిప్పి పంపారు. రానూపోనూ కొరియర్ ఖర్చు మా నెత్తినే పడింది. అందుకని డీఎస్ఎల్ఆర్ కొందామనుకుంటున్నా. ఇంకో పని కూడా ఉంది. మాఘమాసంలో మా చెల్లి పెళ్లి. పెళ్లికి ఫోటోగ్రాఫర్‌ని ఎలాగూ పెట్టుకుంటాం, ఇంట్లో పసుపు దంచడం, మెహందీ లాంటివి నేనే తీద్దామని ఆశ. అన్నీ కలిపి 40 వేలు దాటకూడదు. విజయవాడలో ఒక షాపులో అడిగితే "డబుల్ కిట్ తీసుకోండి, రెండు లెన్సులు వస్తాయి, బ్యాగ్ ఫ్రీ" అన్నారు. తీసేసుకోమంటారా?

బ్రాడీపేట బీటెక్:
అన్నా, ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ కొనడం దండగ. కానన్, నికాన్ రెండూ 2018లోనే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకి కొత్త మౌంట్లు, అంటే లెన్స్ బిగించే అమరికలు, తెచ్చాయి. కొత్త లెన్సులన్నీ వాటికే వస్తున్నాయి. ఇంకో పది వేలు వేసుకుని మిర్రర్‌లెస్ తీసుకో.

గవర్నర్‌పేట పాత స్టూడియో:
బీటెక్ బాబు చెప్పింది నిజమే. కాకపోతే అందరూ అటు పోతున్నందుకే సెకండ్ హ్యాండ్‌లో మంచి డీఎస్ఎల్ఆర్‌ల ధర దిగొచ్చింది. 40 వేలు చేతిలో ఉన్నవాడికి అంతకన్నా ఏం కావాలి? పైగా ఇవాళ కానన్ డీఎస్ఎల్ఆర్‌కి సరిపోయే ఈఎఫ్ లెన్స్ కొంటే, రేపు మిర్రర్‌లెస్‌కి మారినా అడాప్టర్ పెట్టుకుని ఆటోఫోకస్‌తో సహా వాడుకోవచ్చు. డబ్బు ఎటూ పోదు.

డబుల్ కిట్ మాత్రం వద్దు బాబూ. అందులో రెండో లెన్స్ 55-250. దూరంగా ఉన్నవాటిని దగ్గరికి లాగుతుంది, కానీ దాని ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 4 దగ్గర మొదలై, జూమ్ చేసేకొద్దీ 5.6కి తగ్గిపోతుంది (ఎఫ్ అంకె పెరిగితే రంధ్రం చిన్నదైనట్టు). సాయంత్రం ఇంట్లో మెహందీ పెడుతుంటే దాంతో తీస్తే అన్నీ షేక్ అయిన బొమ్మలే వస్తాయి. పదడుగుల గదిలో 250 ఎంఎం పెట్టి ఏం తీస్తావు, గోడకున్న క్యాలెండర్ తేదీలా?

ఉప్పలపాడు కొంగ:
బాబాయ్, ఆ లెన్స్‌ని మరీ అంత తీసిపారేయకండి. ఉప్పలపాడు చెరువు గట్టున ఉదయం ఎండలో గూడబాతుల్నీ, ఎర్రకాళ్ల కొంగల్నీ నేను దాంతోనే తీస్తున్నా, బ్రహ్మాండంగా వస్తాయి. కానీ ఈయనకి పనికిరాదన్న మాట నిజమే.

గవర్నర్‌పేట పాత స్టూడియో:
పిట్టలకైతే నేనూ ఒప్పుకుంటా.

ఇక కెమెరా సంగతి. కానన్‌లో 3000డీ జోలికి పోకు, దాని లెన్స్ మౌంట్ కూడా ప్లాస్టిక్కే. 1500డీ ఫోటోలకి ఫరవాలేదు. కానీ స్క్రీన్ తిరగదు, మైక్ పెట్టుకునే రంధ్రం లేదు, స్క్రీన్ మీద చూస్తూ తీస్తే ఫోకస్ తడుముకుంటుంది. చీరలమ్మేవాళ్లు ఎలాగూ వీడియోలు పెడతారుగా. అందుకే 2017లో వచ్చిన 200డీ సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కో. 24 మెగాపిక్సెళ్లు, స్క్రీన్ తిప్పుకోవచ్చు, మైక్ పెట్టుకోవచ్చు. డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ ఉంది కాబట్టి వీడియోలో మనిషి కదిలినా మెల్లగా వెంట వస్తుంది. దాంతో వచ్చే 18-55 కిట్ లెన్స్ ఒకటి, విడిగా 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం ఒకటి ఉంటే చాలు. కొనేటప్పుడు మొత్తం డబ్బు బాడీ మీదే పోసేయకు. మూడు కాళ్ల స్టాండుకీ, కార్డుకీ, ఇంకో బ్యాటరీకీ ఓ నాలుగైదు వేలు పక్కన పెట్టుకో.

గుంటూరు చీరల గది:
చాలా థ్యాంక్స్ బాబాయ్ గారూ. రెండు సందేహాలు. చీరలకి కూడా ఆ 50 ఎంఎమ్మే వాడాలా? ఇంకోటి, మా ఆఫీసులో ఒకాయన నికాన్ డీ5600 ఇస్తానంటున్నారు, దాంతో పాత 50 ఎంఎం 1.8డీ లెన్స్ కూడా. రెండూ కలిపి 30 వేలు. తీసుకోవచ్చా?

గవర్నర్‌పేట పాత స్టూడియో:
డీ5600 మంచి కెమెరాయే, కాదనను. కానీ ఆ లెన్స్ పేరు చివర ఉన్న "డీ" దగ్గర ఆగు. ఆ లెన్స్‌లో ఫోకస్ మోటార్ ఉండదు, కెమెరా బాడీలో ఉన్న మోటారే దాన్ని తిప్పాలి. డీ7200 బాడీలో ఆ మోటార్ ఉంది, డీ5600లో లేదు, డీ3500లోనూ లేదు. అంటే మెహందీ రోజున నువ్వు చేత్తో రింగు తిప్పుతూ ఫోకస్ పట్టుకోవాలి. ఆయనకీ ఆ సంగతి తెలిసే ఉంటుంది, లేకపోతే లెన్స్ అంత కొత్తగా ఎందుకుంటుంది? నికానే తీసుకుంటానంటే 35 ఎంఎం 1.8జీ వెతుక్కో, దాంట్లో మోటార్ ఉంది.

చీరల సంగతి మా పసిపాపల మేడమ్‌ని అడుగు, ఆవిడ ఇంట్లో కిటికీ వెలుతురులోనే తీస్తుంది.

పసిపాపల ఫోటోలు:
అన్నయ్యా, ముందు మీ గది ఎంత ఉందో కొలవండి. కట్టుకున్న మనిషి నిలువునా, పైనా కిందా కాస్త చోటుతో ఆరడుగులు ఫ్రేమ్‌లో పట్టాలనుకోండి. ఈ చిన్న సెన్సర్ కెమెరాల మీద 50 ఎంఎం పెడితే మీరు పదమూడు, పద్నాలుగు అడుగులు వెనక్కి వెళ్లాలి. పది బై పన్నెండు గదిలో తలుపు తీసి వరండాలో నిలబడాల్సిందే. అదే కిట్ లెన్స్‌ని 35 దగ్గర పెడితే తొమ్మిదిన్నర అడుగులు చాలు. 24 దగ్గర పెడితే ఆరున్నర చాలు గానీ, అంత దగ్గర నుంచి తీస్తే మనిషి పొట్టిగా, అంచు దగ్గర చేతులు సాగినట్టు వస్తాయి. కాబట్టి చీరలకి కిట్ లెన్స్, 35 దగ్గర. స్టాండు మీద బిగించి, ఎఫ్ 8, ఐఎస్‌ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100 పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. మనిషి కట్టుకుని నిలబడితే మాత్రం ఐఎస్‌ఓ 400కో 800కో పెంచండి, ఊపిరి తీసినా కదులుతుంది కదా. ఎఫ్ 8 దగ్గర కిట్ లెన్స్‌కీ, దానికి నాలుగింతలు పోసి కొన్న లెన్స్‌కీ తేడా మీ ఫోన్ స్క్రీన్ మీద కనపడదు.

ఇక రంగు. గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. కిటికీ నుంచి ఒక రంగు వెలుతురు, ట్యూబ్ నుంచి ఇంకో రంగు వెలుతురు కలిస్తే ఏ కెమెరాకీ అర్థం కాదు. మీ ఫోన్ కూడా ఇన్నాళ్లూ అక్కడే తికమకపడి ఉంటుంది. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి పలచటి తెల్ల పంచె కట్టండి. ఎదురుగా, నీడ పడే వైపు ఒక థర్మాకోల్ షీట్ నిలబెట్టండి. అది వెలుతురుని తిప్పి చీర మీదకి కొడుతుంది. తర్వాత ఒక గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) కొనండి, ఖరీదు తక్కువే. చీర ఉన్నచోటే దాన్ని పెట్టి ఒక ఫోటో తీసి, మెనూలో రంగులు సరిచేసే కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి ఆ ఫోటో చూపిస్తే సరి. తెల్ల కాగితం వాడమని కొందరంటారు గానీ, కాగితం తెల్లగా మెరవడానికి కలిపే మందు వల్ల అది కాస్త నీలం వైపు ఉంటుంది. మీ చీరలు పసుపు వైపు జరుగుతాయి.

ఒక మాట చెప్తా, ఏమీ అనుకోకండి. ఆ నెమలికంఠం చీర తిరిగి రావడం ఫోన్ తప్పు ఒక్కటే కాదు. అది పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేసేది. ఇటు నుంచి చూస్తే నీలం, అటు నుంచి చూస్తే ఆకుపచ్చ. ఎంత మంచి కెమెరా అయినా ఒక్క ఫోటోలో ఒక్క రంగే చూపిస్తుంది. అలాంటివాటికి ఒకే చీరని రెండు కోణాల్లో తీసి పెట్టండి, లేదా కొంగు మెల్లగా తిప్పుతూ పది సెకన్ల వీడియో పెట్టండి.

గుంటూరు చీరల గది:
మేడమ్, ఇది మా ఆవిడకి చదివి వినిపిస్తే "నేనూ అదే చెప్పానుగా" అంటోంది. చెప్పలేదు. ఆదివారం విజయవాడ వస్తున్నాను, రెండు మూడు చోట్ల 200డీలు ఉన్నాయట. పాతది కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

గవర్నర్‌పేట పాత స్టూడియో:
ఉదయం పూట వెళ్లు, వెలుతురు ఉంటుంది. నీ కార్డు, ఒక చిన్న టార్చి తీసుకెళ్లు.

ముందు కెమెరా నెత్తిన ఫ్లాష్ బిగించే హాట్‌షూ పట్టాలు చూడు. నల్ల రంగు అరిగిపోయి లోహం తెల్లగా మెరుస్తుంటే, "ఇంట్లో వాడిందేనండీ" అన్నా నమ్మకు. అది పెళ్లిళ్లు తిరిగొచ్చిన కెమెరా. నికాన్‌లో షటర్ ఎన్నిసార్లు కొట్టిందో ఫోటో ఫైల్లోనే దొరుకుతుంది. కానన్ 200డీలో అలా దొరకదు, అందుకే ఈ అరుగుదల చూసే తెలుసుకోవాలి. కుడిచేతి పట్టు దగ్గర రబ్బరు ఊడి మళ్లీ గమ్ పెట్టారేమో గోటితో తడిమి చూడు.

లెన్స్ విప్పించి, వెనక నుంచి టార్చి కొట్టి ముందు నుంచి చూడు. దుమ్ము రేణువులు రెండు మూడు ఉంటే ఏం కాదు. సాలెపురుగు పోగులాగా, కొమ్మలు వేసుకుంటూ తెల్లగా ఏదైనా కనిపిస్తే అది ఫంగస్. ఎంత తగ్గించినా వద్దు. తర్వాత ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్నో తెల్లగోడనో తీసి, పెద్దది చేసి చూడు. నల్ల మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము. అది తుడిపించుకోవచ్చు, ఆ సాకుతో ధర తగ్గించమను. గీత కనిపిస్తే మాత్రం లేచి వచ్చెయ్. చివరగా కెమెరా మీద ఉన్న సీరియల్ నంబర్, బిల్లు మీదది, పెట్టె మీదది మూడూ ఒకటేనా చూసుకో. బిల్లు లేదంటే ఆ కెమెరా ఎవరిదో మనకెందుకు చెప్పు.

గుంటూరు చీరల గది:
బాబాయ్ గారూ, మీ టార్చి నన్ను కాపాడింది. మొదటి చోట బాడీ అద్దంలా ఉంది, 50 ఎంఎం కూడా పైకి కొత్తదే. టార్చి కొట్టేసరికి లోపల ఓ మూల చిన్న వేపకొమ్మలాగా తెల్లటి తీగలు. ఆయన "అది కోటింగ్ అండీ, లైటుకి అలా కనపడుతుంది" అన్నాడు. రెండో లెన్స్‌కి కొట్టి చూపించి, దీనికెందుకు లేదండీ అన్నాను. టీ తాగుతారా అని మాట మార్చాడు. టీ తాగి వచ్చేశా.

రెండో చోట దొరికింది. 200డీ, 18-55, ఒరిజినల్ బిల్లు, 26 వేలు. 50 ఎంఎం ఎస్‌టీఎం విడిగా 6 వేలు. స్టాండు, కార్డు, గ్రే కార్డు, రెండో బ్యాటరీ కలిపి ఇంకో 5 వేలు. మొత్తం 37. మిగిలిన 3 వేలూ మా ఆవిడ తీసేసుకుంది, థర్మాకోల్‌కట.

ఇప్పుడు అసలు బాధ. రంగు కుదిరింది గానీ జరీ అంచు తెల్లగా పేలిపోతోంది. ఇంకోటి, 50తో మా చెల్లిని తీస్తే ముక్కుపుడక స్పష్టంగా వచ్చి కళ్లు మసకగా వస్తున్నాయి. లెన్స్ పాడైందా?

పసిపాపల ఫోటోలు:
లెన్స్ బంగారం, మీరు ఎఫ్ 1.8 మీద ఉంచేశారు. ఒకటిన్నర మీటరు దూరంలో ఆ లెన్స్‌కి ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే మందం ఆరు సెంటీమీటర్లే, అంటే నాలుగు వేళ్లంత. దాంట్లో ఫోకస్ ముక్కు మీద పడి, మీరు కానీ ఆవిడ కానీ కాస్త కదిలారంటే కన్ను జారిపోతుంది. ఫోకస్ పాయింట్ ఒక్కటే ఎంచుకుని, దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. ఒక్కరే ఉంటే ఎఫ్ 2.2, ఇద్దరు ముగ్గురు ఉంటే 2.8 నుంచి 4. కిట్ లెన్స్ జూమ్ చివర 5.6తో పోలిస్తే 1.8 దగ్గర దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. అక్కడ పదో వంతు సెకను పట్టేది ఇక్కడ నూరో వంతులో అయిపోతుంది. కరెంటు సరిగా లేని పెళ్లింట్లో ఆ 1.8 కావాలి, మామూలప్పుడు అక్కర్లేదు.

జరీ అద్దంలాంటిది. కిటికీకి ఎదురుగా పెడితే వెలుతురు మొత్తం లెన్స్‌లోకి కొడుతుంది. చీరని కిటికీకి పక్కగా తిప్పి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. ఎక్స్‌పోజర్ అరపాయింటో, ముప్పాతికో తగ్గించండి. రా (RAW) ఫైల్లో, అంటే కెమెరా కుదించని ఫైల్లో, తీస్తే తర్వాత చీర భాగాన్ని కాస్త పైకి తెచ్చుకోవచ్చు, పేలిపోయిన జరీని మాత్రం వెనక్కి తేలేరు.

ఉప్పలపాడు కొంగ:
మెహందీ రోజున ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోల్లో అడ్డంగా చారలు వస్తే కంగారు పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది. షటర్ వేగం సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు మీద పెడితే చారలు పోతాయి.

గవర్నర్‌పేట పాత స్టూడియో:
వానాకాలం మొదలవకముందే గాలి చొరబడని డబ్బా ఒకటి కొని, అందులో సిలికా జెల్ పొట్లాలు వేసి, లెన్సులు దాంట్లో పెట్టు. నీలం గింజలు గులాబీ రంగుకి మారితే బాండీలో మెల్లగా వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. తోలు కేసులో పెట్టి బీరువాలో చీరల మధ్య దాచకు, నీకు ఇంట్లో చీరలకేం తక్కువ లేదు. బియ్యం డబ్బాలో అసలే పెట్టకు, తవుడంతా రింగుల్లోకి వెళ్తుంది.

గుంటూరు చీరల గది:
బియ్యం డబ్బాలోనే ఉంది బాబాయ్ గారూ. ఇప్పుడే తీస్తున్నా.