అప్‌డేట్: బ్యాక్‌యార్డ్ అల్ట్రా రాత్రి ల్యాపులు, కుర్చీ సమస్య

బ్యాక్‌యార్డ్ అల్ట్రా అంటే పరుగు పందెం: గంటకో ల్యాపు (చుట్టు), 6.706 కి.మీ., గంటలో మిగిలిన సమయమే విశ్రాంతి, చివరికి ఒక్కరే మిగిలేదాకా. ఈ పద్ధతిలో అర్ధరాత్రి దాటాక కుర్చీలోంచి లేవబుద్ధి కాకపోతే ఏం చెయ్యాలని అడిగాను. మీ సలహాల్లో పనిచేసినవి ఇవి.

అసలు కిటుకు వేగంలోనే ఉంది. 44 నిమిషాల్లో ముగిస్తే విశ్రాంతి దొరుకుతుంది గానీ తొడలు ముందే అరిగి, కూర్చోగానే బిగుసుకుంటాయి. 50 నిమిషాలు, అంటే కిలోమీటరుకు దాదాపు ఏడున్నర, చాలు. ఎక్కడ నడవాలో మొదటి ల్యాపులోనే గుర్తులు పెట్టుకోవాలి. అలసట వచ్చాక చేసే లెక్కలన్నీ తప్పుతాయి. సాధనకు నెక్లెస్ రోడ్డు మీద 3.35 కి.మీ. వెళ్లి వెనక్కి తిరిగితే సరి.

విరామంలో ముందు నీళ్లు, తర్వాత తిండి, ఆ తర్వాతే సాక్సులు, వాజలిన్. తర్వాతి ల్యాపుకి మూడు నిమిషాల ముందు ఊదే విజిల్‌కే లేచి నిలబడాలి. శక్తి కోసం తినే తీపి జెల్స్ రాత్రికి వెగటు పుట్టిస్తాయి. ఉప్పేసిన పెరుగన్నం, ఉడకబెట్టిన బంగాళాదుంప దిగుతాయి. మన ఉక్కపోతలో అదేపనిగా ఉత్త నీళ్లే తాగితే సోడియం పడిపోయి వికారం, తలనొప్పి. లీటరు ఓఆర్‌ఎస్ పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, చిక్కగా వద్దు.

మానెయ్యాలన్న నిర్ణయం కుర్చీలో తీసుకోకూడదు. ల్యాపు మొదలయ్యే గీత దాటి ఓ కిలోమీటరు వెళ్లాకే. సాయంగా వచ్చినవాళ్లు "ఎలా ఉంది?" అనకుండా "పెరుగన్నమా, దుంపా?" అనాలి. పోటుగా పొడిచే నొప్పి, మూత్రం పాలు లేని టీ రంగుకి మారడం మాత్రం మనోబలం సంగతులు కావు, ఆగిపోవాల్సిందే.

కాఫీ ఏ గంటకి మొదలెట్టాలన్నది ఇంకా తేలలేదు.