సొంత పార్కింగ్ స్పేస్‌లో పెట్టినందుకే 100 పౌండ్లా? కట్టాలా, అప్పీల్ చేయాలా?

అందరికీ నమస్తే, మేం ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం, ఫ్లాట్ మాదే (ఇక్కడ ఫ్లాట్ కొన్నా లీజ్ పత్రం మీదే ఉంటుంది), ఆ లీజ్‌లో పార్కింగ్ స్పేస్ నంబర్‌తో సహా రాసుంది, పర్మిట్ ఊసే లేదు. ఈమధ్య బిల్డింగ్ చూసుకునే మేనేజింగ్ ఏజెంట్ ఏదో ప్రైవేట్ పార్కింగ్ కంపెనీని దింపాడు, పర్మిట్ అద్దం మీంచి జారి కిందపడిందని 100 పౌండ్ల నోటీసు పెట్టారు, 14 రోజుల్లో కడితే 60 అంట. మన జాగాలో బండి పెట్టుకుంటే దండుగేంటండీ! ఇది కౌన్సిల్ ఫైన్ కాదని తెలుసు కానీ పక్కన పడేస్తే కౌంటీ కోర్టు దాకా వెళ్తారని మా ఆవిడ టెన్షన్.

2016 జాప్సన్ కేసులో లీజ్ హక్కులే గెలిచాయి కానీ అది గుమ్మం దగ్గర సామాను దించడానికి ఆపిన కారుది, మాలాంటి దానికి పనికొస్తుందా? ముందు కంపెనీకే అప్పీల్ పెట్టి, వాళ్ళు కాదంటే పాప్లాకి (ప్రైవేట్ పార్కింగ్ నోటీసుల మీద అప్పీళ్ళు చూసే స్వతంత్ర సంస్థ) వెళ్దామనుకుంటున్నా, డ్రైవర్ ఎవరో చెప్పకుండా బండి ఓనర్‌గానే రాయాలా? లీజ్ కాపీ మొదటే పంపాలా? ఎవరైనా ఇలా నెగ్గినవాళ్ళుంటే కాస్త చెప్పండి ప్లీజ్.