ఇంటర్వెల్ శిక్షణలో మీకు ఏ పద్ధతి పనికొచ్చింది?

సుబేదారి వాసి:
నా వయసు 46. హన్మకొండ జేఎన్ఎస్ మైదానంలో రోజూ ఉదయం ఒకే వేగంతో ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. అయినా పద్మాక్షి గుట్ట ఎక్కితే ఆయాసం తగ్గడం లేదు. తీవ్ర శ్రమనూ విరామాన్నీ మార్చి మార్చి చేసే ఇంటర్వెల్ పద్ధతులైన టబాటా, ఫోర్ బై ఫోర్, ఫార్ట్‌లెక్‌లలో మీరు చేసినవాటి గురించి అనుభవంతో చెప్పగలరు.

కాజీపేట ఉద్యోగి:
సార్, నేను ముందు టబాటా చేశాను. 20 సెకన్లు శక్తికొద్దీ శ్రమ, 10 సెకన్లు విరామం, ఎనిమిది విడతలు. నాలుగు నిమిషాల్లో ముగుస్తుందన్న ఆశతోనే మొదలుపెట్టాను. అయితే జపాన్‌లో ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడెనిమిది విడతలకే ఇక తొక్కలేని స్థితి వచ్చేంత బరువు పెట్టి వ్యాయామ సైకిల్ తొక్కించారు. ఇంట్లో గుంజీలు తీస్తూ ఆ తీవ్రతకు చేరడం నావల్ల కాలేదు. చివరి విడతల కోసం మొదటి నుంచే శక్తి దాచుకునేవాణ్ని.

తర్వాత భద్రకాళి బండ్ మీద ఫోర్ బై ఫోర్ చేశాను. నాలుగు నిమిషాలు గరిష్ఠ గుండె వేగంలో 90 నుంచి 95 శాతం వద్ద పరుగు, మూడు నిమిషాలు మెల్లని నడక లేదా జాగింగ్, ఇట్లా నాలుగుసార్లు. గుండె వేగం పుంజుకోవడానికే దాదాపు రెండు నిమిషాలు పడుతుంది కనుక, అసలు మేలు మిగతా రెండు నిమిషాల్లోనే జరుగుతుందని నాకు అర్థమైంది. నార్వే పరిశోధకులు 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వారానికి మూడుసార్లు ఎనిమిది వారాలు ఇట్లా చేసినవారి వీఓటూ మ్యాక్స్ (శ్రమలో శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) 7.2 శాతం, 15 సెకన్ల పరుగు, 15 సెకన్ల విరామం పాటించినవారిది 5.5 శాతం పెరిగింది. నా మట్టుకు రెండు నెలల్లో గుట్ట మీదికి ఆగకుండా ఎక్కగలిగాను.

పరకాల అభ్యర్థి:
అన్నా, మా లెక్క వేరు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. అంటే 400 మీటర్ల చుట్టుకు 1 నిమిషం 48 సెకన్ల పైచిలుకు. అందుకని ఒక్కో చుట్టు 1 నిమిషం 40 సెకన్లలో పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, ఆరుసార్లు చేస్తాను. పరీక్షకు ఇదే సరిపోతుంది.

నర్సంపేట టీచర్:
గడియారం లేనివారికి ఫార్ట్‌లెక్ మేలు. స్వీడన్ కోచ్ గోస్టా హోల్మెర్ 1930లలో రూపొందించిన పద్ధతి ఇది. నేను రెండు దీపస్తంభాల మధ్య వేగంగా, తర్వాతి రెండింటి మధ్య మెల్లగా పరుగెత్తుతాను. శరీరం వేడెక్కకముందే వేగం పెంచి, ఒకసారి పిక్క పట్టేసి మూడు వారాలు మంచాన ఉన్నాను కనుక, ముందు పది నిమిషాల జాగింగ్ ఎప్పుడూ మానవద్దు.

సుబేదారి వాసి:
అందరికీ కృతజ్ఞతలు. బీపీకి బీటా బ్లాకర్ వాడుతున్నాను. డాక్టరు పరీక్షించి వ్యాయామానికి అనుమతించారు గానీ, ఆ మాత్ర వల్ల గుండె వేగం పెద్దగా పెరగదని, వాచీలోని అంకెను నమ్మవద్దని చెప్పారు. మరి 90 శాతమని ఎట్లా తెలుసుకోవాలి?

కాజీపేట ఉద్యోగి:
మాటతో కొలవండి సార్. పక్కవారితో రెండు మూడు మాటలకు మించి ఒక్క ఊపిరిలో అనలేకపోతే తీవ్రత సరిపోయినట్టే. మొదటి రెండు వారాలు రెండు విడతలే చేయండి. ఎండ ముదరకముందే, ఆరున్నరలోపు ముగించండి.